ఆగస్టు పద్నాలుగు, వీక్లీ ఆఫ్

మూడో రోజు కూడా విజయరత్నం తన కంచం తనే కడుక్కున్నాడు.

ముప్పై నాలుగేళ్ల కాపురంలో ఆ ఇంట్లో ఎన్నడూ జరగని పని అది. పుష్పకుమారి జరగనిచ్చేది కాదు. ఆయన చెయ్యి కడుక్కునేలోపే కంచం లాక్కుపోయేది. "ఫర్నేసు ముందర ఎనిమిది గంటలు నిలబడొచ్చిన మనిషి సేత అంట్లు తోమిత్తానేటి?" అని ఎదురు ఫ్లాటుకు వినపడేలా అనేది. ఆయన స్టీల్ ప్లాంటు నుంచి రిటైరై నాలుగేళ్లయినా ఆ మర్యాద వీసమెత్తు తగ్గలేదు. ఇప్పుడు అదే మనిషి పొయ్యి వైపు తిరిగి నిలబడింది. వెనక కుళాయి కింద కంచం చప్పుడవుతున్నా తల తిప్పలేదు.

వండడం మాత్రం మానలేదు. మానేసినా బాగుండేదనిపించింది కూతురు ఫెబాకి. అలిగి పస్తు పడుకున్న మనిషినైతే బతిమాలొచ్చు. వేళకు ఉప్మా చేసి, గిన్నె మీద మూత పెట్టి, మాటా పలుకూ లేకుండా పక్కకు తప్పుకునే మనిషిని ఎక్కణ్నుంచి బతిమాలడం?

"అమ్మా, కొంచెం పచ్చడి..."

"డబ్బా నీ ముందరే ఉంది."

"నాక్కాదు, నాన్నకి."

"మీ నాన్నకి సేతులున్నాయి."

విజయరత్నం కంచం బోర్లించి, తువ్వాలుతో చేతులు తుడుచుకుని బాల్కనీలోకి వెళ్లాడు. కుర్చీ కూర్మన్నపాలెం హైవే వైపు తిప్పుకుని కూర్చున్నాడు. నోట్లో నాలుక లేని మనిషని ఆయనకు ముందు నుంచీ పేరు. ఈ మూడు రోజుల్లో ఆ పేరు బాగా నిలబెట్టుకున్నాడు.

ఇంత గొడవకీ కారణం ఫెబా. ఇంకా సరిగ్గా చెప్పాలంటే ఆమె ల్యాప్‌టాప్.

ఫెబా నగరంలో ఒక దినపత్రికలో ఎనిమిదేళ్లుగా విలేకరి. వార్తలు రాయగా మిగిలిన పొద్దుల్లో ఆమెకో సరదా ఉంది. కోడింగ్ తనకు తానే నేర్చుకుని చిన్న చిన్న వెబ్ పేజీలు తయారు చేస్తుంది. వాటితో ఎవరికీ లాభం లేదు, నష్టం కూడా లేదనే అనుకుంది ఇన్నాళ్లూ. భీమిలి బస్సులో ఏ సీటు పట్టుకుంటే సముద్రం బాగా కనపడుతుందో ఒక పేజీ చెబుతుంది. ఇంకొకటి 'త్వరలో మీటరు'. అధికారులు తమ పత్రికలో ఎన్నిసార్లు 'త్వరలో' అన్నారో లెక్క పెడుతుంది. దానికి ఆఫీసులో మంచి పేరొచ్చింది, ఎడిటర్ గదిలో కాస్త చీవాట్లూ వచ్చాయి.

రెండు వారాల కిందట మూడోది వదిలింది. పేరు 'ఆ రోజు ఏ షిఫ్టు?'

ప్లాంటు టౌన్‌షిప్పులో పెరిగిన పిల్లలకు క్యాలెండరు రెండోది. మొదటిది నాన్న షిఫ్టు. తెల్లవారితే ఎ, మధ్యాహ్నమైతే బి, రాత్రయితే సి, మధ్యలో వీక్లీ ఆఫ్. నాలుగు బ్యాచీలు, ఇరవై ఎనిమిది రోజులకు మళ్లీ మొదటికొచ్చే చక్రం. పుట్టినరోజు కేకు ఎప్పుడు కోయాలో, ఇంట్లో టీవీ ఎంత సౌండులో పెట్టాలో అదే నిర్ణయించేది. నాన్న దాచుకున్న పాత పాకెట్ డైరీలు ముందేసుకుని ఫెబా ఆ చక్రాన్ని కోడులోకి ఎక్కించింది. బ్యాచీ ఎంచుకుని ఏ పాత తేదీ కొట్టినా ఆ రోజు నాన్న ఏ షిఫ్టో చెప్పేస్తుంది. చెప్పి ఊరుకోదు, కింద ఒక చమత్కారం కూడా వదులుతుంది. ఆ చమత్కారాలన్నీ ఫెబా సొంతం.

పేజీ వాట్సాప్ గ్రూపుల్లో గాజువాక నుంచి మధురవాడ దాకా తిరిగింది. కూతురి ప్రతాపం చర్చిలో స్త్రీల సమాజం వాళ్లకు చూపించాలని పుష్పకుమారి సరదా పడింది. బుధవారం ప్రార్థన కూటం అయ్యాక, నలుగురి మధ్యా కూర్చుని, ఆమెకు ఎప్పటికీ మరుపు రాని తేదీ కొట్టింది. రెండువేల ఒకటి, ఆగస్టు పద్నాలుగు. ఆమె తల్లి పోయిన రోజు.

ఫోను ఇలా చెప్పింది: 'వీక్లీ ఆఫ్! ఆ రోజు కోడికూర వాసనా మీ నాన్న గురకా వీధి చివరిదాకా వచ్చే ఉంటాయి!'

ఆ మాట రాసిన చేతిని నరుక్కోవాలనిపించింది ఫెబాకి. తల్లి ముఖం చూశాక మరీ.

ఎందుకంటే ఆ రోజు విజయరత్నం డ్యూటీలో ఉన్నాననే చెప్పాడు. ఎ షిఫ్టు, పైగా తర్వాతి షిఫ్టుకు రావాల్సిన రిలీవరు రాక డబుల్ డ్యూటీ పడిందన్నాడు. అత్తగారు నగరంలో ఆస్పత్రి మంచం మీద చివరి ఘడియల్లో ఉంటే అల్లుడు రాలేదు. అప్పటికి వారంగా పుష్పకుమారి ఎనిమిదేళ్ల ఫెబాని తగరపువలసలో పుట్టింట్లో ఉంచి, తనూ అన్న దేవసహాయమూ వంతులేసుకుని తల్లిని చూసుకుంటున్నారు. ఆ పొద్దున అన్నని కాపలా ఉంచి, స్నానం చేసొస్తానని ఆమె తగరపువలస వెళ్లింది. తిరిగొచ్చేసరికి అంతా అయిపోయింది. "అమ్మ నా సేతుల్లోనే పోయింది. నీ మొగుడికి ఇంట్లో నిద్దర ఎక్కువైపోయింది" అన్నాడు దేవసహాయం, సమాధుల తోటలో అందరి ముందూ.

పుష్పకుమారి ఊరుకోలేదు. "ఆయన డ్యూటీలో ఉన్నారు. నా మొగుడు అబద్ధమాడడు. ఆ మాట ఎనక్కి తీసుకున్నరోజే నీ గడప తొక్కుతాను" అంది. అన్న వెనక్కి తీసుకోలేదు. చెల్లెలు గడప తొక్కలేదు. మేనకోడళ్ల పెళ్లిళ్లకు వెళ్లలేదు. వదిన పోతే కూడా వెళ్లలేదు. ఇరవై నాలుగేళ్లు మొగుడి మాట పట్టుకుని తోడబుట్టినవాణ్ని వదిలేసుకుంది.

ఇప్పుడు ఆ మాటే తేలిపోయింది.

"పదకొండింటికి సంటి కారు వత్తాది" అంది పుష్పకుమారి పొయ్యి ఆపేసి. చంటి వాళ్ల చర్చిలో మనిషే, కారు అద్దెకు తిప్పుతాడు. "తగరపువలస ఎల్తన్నాను. నిన్న అన్నయ్యకి ఫోన్ సేసేను."

ఫెబా కంచం పక్కకు జరిపింది. "మావయ్య ఏమన్నాడు?"

"ఏటంటాడు? ఏడిసేడు. వంజరం సేప తెప్పించి ఉంచుతానన్నాడు." పొయ్యి గట్టు తుడిచింది. "ఎల్లి ఆడి కాళ్లు పట్టుకోవాల. నువ్వన్నదే నిజం అన్నయ్యా, నానే గుడ్డిదాన్ని అని సెప్పాల."

"మళ్లీ ఎప్పుడొస్తావు?"

పుష్పకుమారి లోపలికెళ్లి బీరువా తెరిచింది. తీసిన చీరలు రెండు రోజులకు సరిపడేవి కావు. ఎనిమిది దాకా లెక్కపెట్టి ఫెబా లెక్కపెట్టడం మానేసింది.

బాల్కనీలోకి వెళ్లింది. "నాన్నా, ఆ రోజు ఎక్కడున్నావు? ఒక్క మాట చెప్పు. నాకైనా చెప్పు."

విజయరత్నం లారీల వంక చూశాడు. "నీ పేజీ కరెక్టేనమ్మా" అన్నాడు చివరికి. "బాగా సేసేవు."



*

గవర్రాజు గాజువాకలో తన మేడ మీద కరివేపాకు కుండీలకు నీళ్లు పోస్తున్నాడు. విజయరత్నంతో ముప్పై ఏళ్లు ఒకే బ్యాచీలో పనిచేసినవాడు. మెట్లెక్కి రొప్పుతూ వచ్చిన ఫెబాని చూసి చెంబు కింద పెట్టాడు.

"ఏటి పాపా, పొద్దున్నే? మా బావ బాగున్నాడా?"

"అంకుల్, ఒకటి అడగాలి. మీరు అప్పుడప్పుడు ఒకరి డ్యూటీ ఒకరు చేసుకునేవాళ్లు కదా?"

"మ్యూచువల్. సేసుకునేవోళ్లం. ఫారం రాసిచ్చి మరీని."

ఆ ఆలోచన ఫెబాకి తెల్లవారుజామున తట్టింది. తట్టినప్పటి నుంచీ కాలు నిలవలేదు. పేజీకి తెలిసింది చక్రం ఒక్కటే. మనుషులు తమలో తాము మార్చుకున్న డ్యూటీలు దానికి తెలియవు. నాన్న ఆఫ్ రోజున ఇంకొకరి బదులు వెళ్లి ఉంటే, పేజీదీ తప్పు కాదు, నాన్నదీ తప్పు కాదు.

"రెండువేల ఒకటి ఆగస్టు పద్నాలుగున నాన్న ఎవరి బదులైనా చేశాడా?"

గవర్రాజు ఆమెను ఎగాదిగా చూశాడు. ఆ తేదీ ఏమిటో ఆయనకు తెలుసు. మర్నాడు సమాధుల తోటకు బ్యాచీ అంతా కట్టగట్టుకుని వెళ్లింది మరి.

"సేసేడు" అన్నాడు టక్కున. "నా బదులే సేసేడు. మా సెంద్రికకి పుట్టెంట్రుకలు తీయించడానికి సింహాచలం ఎల్లేం ఆ రోజు. మీ నాన్నే కదా, ఎల్లిరా బావా నాను సూసుకుంతానన్నాడు."

ఫెబా ఆయన చేతులు పట్టుకుంది. "అంకుల్, ఈ మాట అమ్మతో ఒక్కసారి ఫోన్లో..."

అక్కడ ఆగిపోయింది.

చంద్రిక. పేజీ వదిలిన రోజే గ్రూపులో మొదట పోస్టు పెట్టింది గవర్రాజు కూతురే. 'నేను పుట్టిన రోజు నాన్న సి షిఫ్టట! పడుకోవాలి, ఏడవొద్దన్నారట నన్ను!' అని. దాని కింద తేదీ స్పష్టంగా ఉంది. రెండువేల మూడు, మార్చి.

"అంకుల్, చంద్రిక అప్పటికి పుట్టనే లేదు కదా."

గవర్రాజు చెంబు తీసుకుని, అప్పటికే తడిసి ముద్దయిన కుండీలో మళ్లీ నీళ్లు పోశాడు.

"నీ పేజీ తగలెయ్య" అన్నాడు కాసేపటికి. "మనుసుల్ని బతకనివ్వదేటి?"

"అంటే నాన్న..."

"నాకు తెల్దమ్మా. ఒట్టు. ఆ రోజు మాకందరికీ ఆఫే. ఆయన ఎక్కడికెల్లేడో నానడగనేదు, ఆయన సెప్పనేదు." గవర్రాజు గొంతు తగ్గించాడు. "ఒక్కటి మాత్రం తెలుసు. మర్నాడు కనపడినప్పుడు ఆయన మొహం సూడలేకపోయేను. ఇంట్లో నిద్రోయిన మనిషి మొహం కాదది. నువ్వెల్లి మీ అమ్మకి నా పేరు సెప్పీ. మ్యూచువల్ అని సెప్పీ. సింహాచలం ఒద్దు, మా ఆవిడికి జొరమను. సాచ్చికానికి ఎవరొచ్చినా నాను సెప్తాను."

"అది అబద్ధం అంకుల్."

"కాపరం నిలబడుతుందా నేదా?"

ఫెబా మెట్లు దిగింది.

స్కూటీ దాకా వచ్చింది గాని తాళం తిప్పలేదు. ఎనిమిదేళ్లలో ఇద్దర్ని అడగకుండా ఒక్క వార్త రాయలేదు. కమిషనర్ చెప్పినా, కౌన్సిలర్ చెప్పినా రెండో మనిషిని అడిగాకే రాసేది. రికార్డులు దిద్దారని ఒక ఆఫీసు మీద నిరుడు మూడు రోజులు వరసగా రాసి, మెచ్చుకోలు పొందింది కూడా. ఆ మాట గుర్తొచ్చి సిగ్గేసింది. అమ్మ తీసిన చీరలు గుర్తొచ్చాయి. సిగ్గు వెనక్కి పోయింది.

సంచిలోంచి ల్యాప్‌టాప్ తీసి స్కూటీ సీటు మీద పెట్టుకుంది. కోడులో ఒకే ఒక్క వరస చేర్చింది. నాన్న బ్యాచీకి, ఆ ఒక్క తేదీకి, ఎ షిఫ్టు. రెండు నిమిషాల పని. చేతులు మాత్రం పరీక్ష హాల్లో కాపీ కొడుతున్నప్పటిలా చెమట పట్టాయి.

*

ఇల్లు చేరేసరికి గుమ్మం దగ్గర పెట్టె, దాని మీద అమ్మమ్మ పాత బైబిలు ఉన్నాయి. కింద చంటి కారు ఆపుతున్నాడు.

"అమ్మా, ఆగు. తప్పు నా పేజీదే." మెట్లెక్కుతూ కూడబలుక్కున్నవన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేసింది. "గవర్రాజు అంకుల్ని అడిగొచ్చాను. ఆంటీకి జ్వరమైతే ఆయన బదులు నాన్న డ్యూటీ చేశాడట. మ్యూచువల్. అలాంటివి నా కోడుకి తెలియవు. ఇప్పుడు దిద్దాను."

పుష్పకుమారి కూతురి ముఖంలోకి చూసింది. కళ్లజోడు పెట్టుకుంది. ఫోను తీసి, ఒక్కో అంకె ఆగి ఆగి తనే కొట్టింది.

ఎ షిఫ్టు అని వచ్చింది. కింద చమత్కారం: 'తెల్లారకముందే క్యారేజీ సర్దిన చేతికి దండం!'

ఆవిడ ఫోను వంక చాలాసేపు చూసింది. మూడు రోజులుగా బిగుసుకుని ఉన్న ముఖం మెల్లగా వదులైంది. చెంగుతో కళ్లు ఒత్తుకుంది. నవ్వబోయి నవ్వలేకపోయింది. ఫెబాకి ఏడుపొచ్చినంత పనైంది. ఇంత సులువా, ఇంతే కావాలా ఈవిడకి అనుకుంది. తల్లి అంత గట్టిగా నమ్మాలని చూస్తుంటే తను చేసిన పని మరీ నీచంగా తోచింది. అయినా నోరు విప్పలేదు.

పుష్పకుమారి బాల్కనీ తలుపు దగ్గరికి వెళ్లింది. మూడు రోజుల తర్వాత మొదటిసారి మొగుడితో నేరుగా మాట్లాడింది.

"కాఫీ తాగుతారేటి?"

విజయరత్నం కుర్చీలోంచి లేచాడు. పెళ్లాం ముఖం చూశాడు. ఆమె చేతిలో ఫోను చూశాడు. ఆ వెనక నిలబడ్డ కూతుర్ని చూశాడు. ఫెబా తల దించుకుంది.

"వద్దు పుష్పా."

"అదేటి? నానేదో..."

"గవర్రాజు బదులు నాను డ్యూటీ సేయనేదు. ఆ రోజు ఆఫే."

కింద చంటి ఒకసారి హారన్ కొట్టాడు.

"ఫెబా, ఆ వరస తీసీ" అన్నాడు విజయరత్నం. కోపంగా అనలేదు. అందుకే ఫెబాకి మరీ కష్టమనిపించింది. "రాసింది దిద్దేవోళ్లని నువ్వు పేపర్లో ఏకుతావు. పొద్దున్నే సదువుకుని నాను గర్వపడతాను. నా కోసం నువ్వూ ఆ పని సెయ్యకూడదమ్మా. నా ఒక్కడి అబద్ధం సాలు ఈ ఇంటికి."

పుష్పకుమారి తలుపు పట్టుకుని నిలబడింది. "అయితే నిజమే అన్నమాట. మా అమ్మ పోతుంటే ఇంట్లో ఉన్నారు."

"ఇంట్లో ఉండనేదు. ఆస్పత్రికొచ్చేను."

"ఎక్కడికి?"

"మీ అమ్మ దగ్గరికి. పది గంటలప్పుడు. నాతో మాట్లాడింది. ఆ మాటలు నీకు సెప్పొద్దని నా సెయ్యి పట్టుకుని ఒట్టేయించుకుంది. వచ్చినట్టు కూడా సెప్పొద్దంది. డ్యూటీ అని సెప్పమంది."

"అమ్మ సెప్పమందా?" పుష్పకుమారి గొంతు పూర్తిగా మారిపోయింది. "అమ్మ నోట ఆఖరి మాట ఏటన్నది ఇరవై నాలుగేళ్లు నాకు తెల్దు. మీకు తెలుసు. ఒకే మంచం మీద పడుకున్నాం."

విజయరత్నం కళ్లు నిండిపోయాయి. ఫెబా తండ్రి ఏడవడం ఎప్పుడూ చూడలేదు. ఎక్కడ చూడాలో తెలియక గోడ వంక చూసింది.

"సెప్పండి" అంది పుష్పకుమారి.

ఆయన కూతురి వైపు తిరిగాడు. "నువ్వు కాసేపు కిందికెల్లమ్మా."

అడగడమే ఉద్యోగమైన ఫెబా ఆ క్షణాన ఒక్క ప్రశ్నా వేయలేదు. తలుపు దగ్గరగా వేసి మెట్లు దిగింది. కారు పక్కన నిలబడి ఫోనులోంచే ఆ దొంగ వరస తీసేసింది. పాత చమత్కారం కూడా తీసేసింది. ఇక ఆ పేజీ ఆఫ్ రోజుకి ఆఫ్ అని మాత్రమే చెబుతుంది.

"ఎంతసేపు పడతాదక్కా?" అన్నాడు చంటి.

"తెలీదు చంటీ."

పావుగంట తర్వాత ముందు పెట్టె వచ్చింది. దాన్ని మోసుకొస్తున్నది విజయరత్నం. చొక్కా గుండీలు కాజాలు తప్పి పెట్టుకున్నాడు. వెనక పుష్పకుమారి బైబిలు చంకలో పెట్టుకుని దిగింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నడక మాత్రం ఎప్పటి నడకే.

"ఎక్కు ఫెబా. ముగ్గురం ఎల్తన్నాం."

"అమ్మా, నాన్న ఏం..."

"మీ నాన్న ఎల్లేసరికి అమ్మ మంచం దగ్గర ఎవరూ నేరంట. పొద్దున్నించీ నేరంట. దాహమని అడిగితే నీళ్లిచ్చే దిక్కు నేదు. నా సేతుల్లోనే పోయిందన్నాడు మా అన్నయ్య, సమాదుల తోటలో." కారు తలుపు తీసింది. "ఈయన ఎక్కడున్నాడో నీ పేజీ సెప్పింది. ఆ పొద్దు అమ్మనొక్కదాన్నీ ఒగ్గేసి ఆడెక్కడికెల్లేడో నానే అడుగుతాను."

విజయరత్నం తలుపు మీద చెయ్యి వేసి ఆపాడు. "పుష్పా, ఒద్దు. అన్నాసెల్లెళ్లు ఇడిపోకూడదనే ఆవిడ ఒట్టేయించుకుంది. ఇచ్చిన మాట..."

"మాట మీరిచ్చేరు. నానివ్వనేదు."

ఆయన చెయ్యి తీసేశాడు.

అప్పుడే ఆమె ఫోను మోగింది. దేవసహాయం. పుష్పకుమారి ఒక్క క్షణం ఆ పేరు వంక చూసి, ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. ఇరవై నాలుగేళ్ల కోపమేదీ లేనంత మామూలుగా మాట్లాడింది.

"ఆఁ అన్నయ్యా, బయల్దేరేం. నానొక్కదాన్నే కాదు. ఈయన కూడా వత్తన్నారు."